సడ్‌బరీ, క్యూ: గెయిన్స్‌బరో మేనల్లుడిని వెతుక్కుంటూ

లండన్ నుంచి సడ్‌బరీ అనే చిన్న ఊరికి వెళ్ళే వాళ్ళలో ఎక్కువ మంది ఇంగ్లిష్ చిత్రకారుడు థామస్ గెయిన్స్‌బరో పుట్టిన ఇల్లు చూడటానికే వెళ్తారు. నేను మాత్రం ఆయన మేనల్లుడు గెయిన్స్‌బరో డూపాంట్ కోసం వెళ్ళాను. 1754లో ఆ ఊళ్ళోనే పుట్టాడు. తండ్రి వడ్రంగి. 1772లో బాత్ నగరంలో మేనమామ దగ్గర శిష్యుడిగా చేరాడు. అంత పెద్ద చిత్రకారుడికి సహాయకుడిగా మనకు తెలిసింది ఇతనొక్కడే.

లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కి మార్క్స్ టేలో దిగి చిన్న బండి మారాలి. గంటకొకటే ఉంటుంది కాబట్టి మొదటి రైలు లేటైతే టెన్షన్ తప్పదు. దారిలో వచ్చే చాపెల్ ఇటుక వంతెనకి 32 కమానులు. బండిలో కూర్చుంటే అవి కనపడవు, చూడాలంటే పక్క స్టేషన్‌లో దిగాల్సిందే. గెయిన్స్‌బరో పుట్టిన ఇల్లే ఇప్పుడు మ్యూజియం, సడ్‌బరీ స్టేషన్ నుంచి నడిచి వెళ్ళే దూరమే.

2022లో కొత్త భవనం కలిశాక మ్యూజియం బాగా పెరిగింది. టికెట్ ధర కాస్త ఎక్కువనిపించినా పూట పూటంతా అక్కడే గడపొచ్చు. పెరట్లో ఏళ్ళనాటి మల్బరీ చెట్టుంది. పట్టు నేతకు పేరున్న ఊరు కాబట్టి దాన్ని చూస్తుంటే ముచ్చటేసింది. సిబ్బంది ఎంతో ఓపికమంతులు. డూపాంట్ పేరెత్తగానే ఒకావిడ ముఖం వెలిగిపోయింది, నన్ను తనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది.

మేనమామ చిత్రాలను ఇతను మెజోటింట్ ముద్రణలుగా చేశాడు. రాగి రేకు మొత్తాన్ని ముందు గరుకుగా చేసి, వెలుగు కావాల్సిన చోట గీకి నున్నగా చేస్తూ పోవాలి. దగ్గరగా వంగి చూస్తే కోటు మడతల్లో నలుపు మఖమల్‌లా కనిపిస్తుంది, చెంప దగ్గరికి వచ్చేసరికి ఆ నలుపు ఎక్కడ ఆగిందో చెప్పలేం. రంగుల చిత్రాల్లో మాత్రం తేడా పట్టుకోవచ్చు. మేనమామ కుంచె పొడుగ్గా, వదులుగా సాగుతుంది. ఇతని గీతలు పొట్టిగా, కోసుగా ఉంటాయి. నాకు ఆ కోసుతనమే నచ్చింది. అనుకరణ అని తీసిపారేసేవాళ్ళు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. అయితే అతని పనులు ఎప్పుడూ గోడ మీద ఉంటాయని చెప్పలేం, వెళ్ళే ముందు మెయిల్ పెట్టి అడగండి.

బస విషయంలో మాత్రం నిరాశే. శాకాహారమని ముందే చెప్పినా, నేను దిగిన గెస్ట్‌హౌస్‌లో పొద్దున టోస్టు, జామ్ తప్ప ఏమీ పెట్టలేదు. గది కూడా చల్లగా ఉంది. మళ్ళీ వెళ్తే నది పక్క పచ్చిక మైదానాలకి దగ్గర్లో దిగుతాను, పొద్దున్నే అక్కడ నడవడం చాలా బాగుంటుంది. గురువారం గానీ శనివారం గానీ వెళ్తే మార్కెట్ హిల్‌లో సంత కూడా దొరుకుతుంది.

మేనమామ 1788లో పోయాక డూపాంట్ సొంతంగా నిలబడ్డాడు. లైట్‌హౌస్‌లు చూసుకునే లండన్ సంస్థ ట్రినిటీ హౌస్ పెద్దలతో భారీ సమూహ చిత్రం గీశాడు, రంగస్థల నటుల బొమ్మలు వరుసగా వేశాడు. ఆ నటుల బొమ్మల్లో చాలావరకు లండన్‌లోని గారిక్ క్లబ్‌లో ఉన్నాయి. అది సభ్యుల క్లబ్బు, మనం నేరుగా వెళ్ళి చూడలేం. ట్రినిటీ హౌస్‌కీ ఊరికే వెళ్తే లోపలికి పోనివ్వరు. మంచి పనంతా మూసిన తలుపుల వెనకే ఉండిపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. లండన్ పాల్ మాల్ వీధిలో మామా అల్లుళ్ళిద్దరూ ఉన్న షోంబర్గ్ హౌస్‌కి ముందు గోడే మిగిలింది. అటు వెళ్తే చూడండి, పని కట్టుకుని వద్దు.

లండన్‌లోనే ఉన్న క్యూ అనే ప్రాంతానికి మాత్రం తప్పక వెళ్ళండి. 1797లో, 42 ఏళ్ళకే పోయిన డూపాంట్‌ని సెయింట్ ఆన్ చర్చి ఆవరణలో మేనమామ పక్కనే పాతిపెట్టారు. లక్నోలో బొమ్మలు వేసిన జోఫనీ సమాధి కూడా అక్కడే ఉంది. సమాధులు బయటే ఉన్నాయి కాబట్టి చర్చి మూసి ఉన్నా చూడొచ్చు, క్యూ గార్డెన్స్ టికెట్ అక్కర్లేదు. డిస్ట్రిక్ట్ లైన్‌లో క్యూ గార్డెన్స్ స్టేషన్‌లో దిగి నడవాలి. పెద్దవాళ్ళు వెంట ఉంటే బస్సు ఎక్కడమే మేలు.