బాతెల్‌లో వాన, స్టీవెన్స్ పాస్‌లో మంచు తుఫాను: నేషనల్ వెదర్ సర్వీస్ సైటు మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖ నడిపే ఈ సైటు చూడ్డానికి ఏమీ బాగోదు. ఇరవై ఏళ్ల కిందట గవర్నమెంటు సైట్లు ఎలా ఉండేవో అలానే ఉంటుంది, చిన్న చిన్న బొమ్మలు, ఎక్కడ నొక్కాలో మొదటిసారి అర్థం కాని లింకులు, ఫోన్‌కి సొంత యాప్ కూడా లేదు. అయినా చలికాలంలో సియాటిల్‌కి తూర్పున ఉన్న కాస్కేడ్ కొండలు దాటాలంటే ఇప్పుడు నేను ముందు తెరిచేది వెదర్ డాట్ గవ్ మాత్రమే. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనల గోల లేదు, లాగిన్ అడగదు.

ఎందుకు మారానో చెప్పాలంటే రెండేళ్ల కిందటి డిసెంబరు సంగతి చెప్పాలి. సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి ఒక తంతు ఉంది కదా, చలికాలంలో ఇండియా నుంచి ఎవరొచ్చినా వాళ్లకి స్నో చూపించాలి, లెవెన్‌వర్త్ తీసుకెళ్లి ఆ జర్మన్ పల్లెటూరు సెట్టింగు, లైట్ల ముందు ఫొటోలు తీయాలి. మా అమ్మానాన్న నర్సీపట్నం నుంచి వచ్చారు. నేను అందరూ వాడే ఒక వెదర్ యాప్‌లో (పేరు వద్దులెండి) లెవెన్‌వర్త్ అని కొట్టి చూశాను. సగం మబ్బు, పక్కన రెండు మంచు చుక్కలు, గరిష్టం 34 ఫారన్‌హీట్, అంటే నీళ్లు గడ్డకట్టే 32కి కాస్త పైన. ఇంకేం, అమ్మ పులిహోర కలిపింది, మా ఆయన క్యామ్రీ తీశాడు, టైర్ల షాపులో కొన్న, మంచులో జారకుండా టైర్లకి చుట్టే చైన్లు డిక్కీలో ఉన్నాయి కాబట్టి ధైర్యం. వెళ్లడం బాగానే వెళ్లాం. సాయంత్రం తిరిగొస్తుంటే స్టీవెన్స్ పాస్ (కొండలు దాటే కనుమ) ఇంకా కొన్ని మైళ్లుందనగా ముందు కారు వెనక లైట్లు కూడా కనపడనంతగా కురవడం మొదలైంది. చైన్లు తప్పనిసరి అని బోర్డు. పక్కకి ఆపి, గ్లవ్స్ తడిసిపోతుంటే అరగంట కుస్తీ పట్టాక తెలిసింది, డబ్బాలో ఉన్న చైన్లు మా టైరు సైజువి కావు! బిల్లు కొట్టేటప్పుడు సైజు చూడనిది మేమే, ఎవరిని అంటాం. వెనక్కి తిప్పుకుని మళ్లీ లెవెన్‌వర్త్ వస్తే ఒక్క గది ఖాళీ లేదు, చివరికి వెనాచీలో ఒక మోటెల్‌లో నలుగురం ఒకే గదిలో పడుకున్నాం, రాత్రి భోజనం ఆ పులిహోరే. నాన్న ఏమీ అనలేదు కానీ పొద్దున కాఫీ తాగుతూ, "అమ్మా, మన లంబసింగిలో కూడా మంచు పడుతుంది, ఇంత ఖర్చు అవదు" అన్నారు.

తర్వాత నిదానంగా ఆలోచిస్తే యాప్ నాకు అబద్ధమేమీ చెప్పలేదు. నేనే తప్పు ఊరు గురించి అడిగాను. లెవెన్‌వర్త్ ఎత్తు 1,200 అడుగులకి అటూ ఇటూ, పైగా కొండలకి అవతలి వైపు, పసిఫిక్ మీంచి వచ్చే తేమంతా ఇవతలి వైపే దిగిపోయాక మిగిలింది అక్కడికి చేరుతుంది. కానీ మేం వెళ్లే యూఎస్-2 రోడ్డు మధ్యలో స్టీవెన్స్ పాస్ దగ్గర 4,061 అడుగులకి ఎక్కి దిగుతుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ సగటున ప్రతి వెయ్యి అడుగులకి మూడున్నర ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గుతుందని లెక్క. సియాటిల్ పక్కనున్న మా బాతెల్‌లో 44 ఉండి గొడుగేసుకుని తిరుగుతుంటే పాస్ మీద 30 ఉంటుందన్నమాట. మా ఇంటి దగ్గర కురిసే అదే వాన అక్కడ అడుగు లోతు మంచు. ఇంట్లో కిటికీలోంచి చూసి గానీ, వెళ్లే ఊరి పేరు కొట్టి గానీ మధ్యలో ఉన్న కొండ సంగతి తెలియదు. ఇది చదివి ఇంత చిన్న విషయం తెలీదా అనుకుంటారు, కానీ నేను అడిగిన పదిమందిలో ఎనిమిది మంది వెళ్లే ఊరి పేరే కొట్టి చూస్తారు.

ఈ సైటు ఇక్కడే పనికొస్తుంది. ఊరి పేరుతో ఆగక్కర్లేదు, మ్యాప్ మీద సరిగ్గా పాస్ దగ్గర వేలు పెట్టి నొక్కితే దాదాపు రెండున్నర కిలోమీటర్ల గడికి వేరుగా ఫోర్‌కాస్ట్ ఇస్తుంది. పేజీలో ఆ గడి ఎత్తు ఎంతో కూడా అడుగుల్లో రాసి ఉంటుంది, అది తప్పకుండా చూడండి, కాస్త పక్కన నొక్కితే లోయలోదో శిఖరం మీదదో వస్తుంది, రెండింటికీ పదేసి డిగ్రీల తేడా ఉండొచ్చు. అదే పేజీలో కింద గంట గంటకీ గ్రాఫ్ ఉంటుంది. నేను రోజువారీ బొమ్మలు చూడటం మానేసి అదే చూస్తాను, ఎందుకంటే శనివారం మంచు అంటే నాకు ఉపయోగం లేదు, శనివారం మధ్యాహ్నం మూడు దాకా ఏమీ లేదు, నాలుగు నుంచి గంటకి అంగుళం చొప్పున అంటే ఉపయోగం. గాలి గీత కూడా అందులోనే ఉంటుంది. మంచు తక్కువే పడుతున్నా గాలి గట్టిగా ఉంటే ముందేమీ కనపడదు.

తెలుగులో మనకి ఒక ఇబ్బంది ఉంది. పొద్దున్నే పొలం మీద కమ్మేది మంచే, గడ్డి మీద గడ్డకట్టేదీ మంచే, ఆకాశం నుంచి దూదిలా పడేదీ మంచే. లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, ఈ కొండలు దాటే ఇంకో రోడ్డు ఐ-90 మీది స్నోక్వాల్మీ పాస్ 3,022 అడుగులు అంటే 921 మీటర్లే, మన లంబసింగే ఎత్తు! కానీ అక్కడ పడేది పొగమంచు, మహా అయితే గడ్డి మీద గడ్డకట్టిన నీళ్లు, ఇక్కడ ఇళ్ల కప్పుల దాకా స్నో. నాన్నకి ఇది వివరించడానికి నాకు ఒక పూట పట్టింది. ఈ సైటులో స్నో వేరు, స్లీట్ (గాల్లోనే గడ్డకట్టి పడే చినుకులు) వేరు, ఫ్రీజింగ్ రెయిన్ వేరు, కారు నడిపేవాడికి ఈ మూడింటిలో చివరిదే యముడు. వానలాగే పడి రోడ్డుకి తగలగానే అద్దంలా గడ్డకడుతుంది, దాని మీద ఏ టైరూ ఆగదు.

నేర్చుకోవాల్సిన మాట ఒక్కటే అంటే స్నో లెవెల్. ఏ ఎత్తు దగ్గర వాన మంచుగా మారుతుందో ఆ గీత. ఫ్రీజింగ్ లెవెల్ అని ఇంకోటి రాస్తారు, గాలి 32 డిగ్రీలకి చేరే ఎత్తు అది, దానికి సుమారు వెయ్యి అడుగులు కింద దాకా మంచు కరగకుండా దిగుతుంది, ఆ రెండూ ఒకటనుకుని నేను ఒకసారి కంగారు పడ్డాను. స్నో లెవెల్ 3,500 అని ఉందనుకోండి, స్టీవెన్స్‌లో మంచు, స్నోక్వాల్మీలో వాన. మనం దారి ఎంచుకునేది దీన్ని బట్టే.

ఇక ఈ సైటులో నాకు అన్నిటికంటే నచ్చింది పేజీ అడుగున దాక్కుని ఉండే ఫోర్‌కాస్ట్ డిస్కషన్. డ్యూటీలో ఉన్న వాతావరణ నిపుణులు తమ మాటల్లో రాసే నోట్, తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం ఒకటి పెద్దవి వస్తాయి, మధ్యలో సవరణలు. 2016 మే దాకా ఇవన్నీ పాతకాలం టెలిప్రింటరులాగా పెద్దక్షరాల్లోనే వచ్చేవి, ఇప్పుడు మామూలుగా చదువుకోవచ్చు. బొమ్మ ఎప్పుడూ అనుమానం చెప్పదు, మంచు చుక్క వేసిందంటే వేసిందంతే. వీళ్లు మాత్రం అంచనా వేసే కంప్యూటర్ మోడళ్లు కలవట్లేదని, ఒకటి తుఫాను ఉత్తరానికి పోతుందంటే ఇంకొకటి మన మీదికే అంటోందని, ఆదివారం మీద నమ్మకం తక్కువని విప్పి చెబుతారు. ఊళ్లో పెద్ద డాక్టరు రిపోర్టు చూసి "రెండు రోజులు ఆగి చూద్దాం" అన్నట్టు ఉంటుంది, ఆ మాట వినగానే నాకు టెన్షన్ సగం తగ్గిపోతుంది. మొదట్లో సగం పదాలు అర్థం కావు, వారం రోజులు చదివితే అలవాటవుతుంది. ఒక చిట్కా ఏంటంటే కొండల పడమటి వైపు సియాటిల్ ఆఫీసుది, లెవెన్‌వర్త్, వెనాచీ స్పోకేన్ ఆఫీసువి, స్నోక్వాల్మీ దిగి క్లీ ఎలమ్ వైపు వెళ్తే పెండిల్టన్ ఆఫీసుది. కొండ దాటేవాళ్లు రెండు వైపులవీ చదవాలి.

ఈ ఫోర్‌కాస్ట్ ఎప్పుడూ తప్పదా అంటే, తప్పుతుంది, ముఖ్యంగా స్నోక్వాల్మీ దగ్గర. దానికి కారణం తెలిశాక నాకు కోపం పోయింది. చలికాలంలో కొండలకి తూర్పున కొలంబియా లోయలో చల్లగాలి చెరువులో నీళ్లలా నిలిచిపోతుంది. సముద్రం వైపు అల్పపీడనం దగ్గరికొస్తే ఆ చల్లగాలిని ఈ పాస్ సందులోంచి పడమటికి లాగుతుంది. పైన వెచ్చటి తేమగాలి వచ్చేసినా కింద పాస్ మాత్రం ఈ తూర్పుగాలి వల్ల చల్లగానే ఉండి మంచు పడుతుంది, లేకపోతే ఆ ఫ్రీజింగ్ రెయిన్ దిగుతుంది. గాలి పడమటికి తిరిగిన గంటలోనే వేడి పెరిగి అంతా వానైపోవచ్చు. ఆ తిరగడం మూడు గంటలు ముందో వెనకో అయితే పది అంగుళాలు అనుకున్నది రెండు అంగుళాల బురద అవుతుంది. స్టీవెన్స్‌కి ఇంకో తలనొప్పి, ఒలింపిక్ కొండల్ని రెండు పక్కలా చుట్టి వచ్చిన గాలులు ఎవరెట్, మన్రో వైపు ఎదురెదురుగా కలుసుకుంటాయి, కన్వర్జెన్స్ జోన్ అంటారు, సన్నటి పట్టీలాగా ఉంటుంది, అది యూఎస్-2 మీద కూర్చుంటే స్టీవెన్స్‌లో దంచేస్తుంది, స్నోక్వాల్మీలో ఎండ కాసినా కాయొచ్చు. అందుకే ఒక్క అంకె చూడకుండా సైటులో ఉండే కనిష్ఠ గరిష్ఠ మ్యాపులు చూడండి, పదింట ఒక వంతు అవకాశంతో ఎంత ఎక్కువ పడొచ్చు అనేది వేరే బొమ్మగా ఇస్తారు. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు నేను ఆ ఎక్కువ అంకెకే సిద్ధపడతాను.

హెచ్చరికల పేర్లు మనవాళ్లని బాగా తికమక పెడతాయి. బందరు, విశాఖ రేవుల్లో ఒకటో నంబరు, మూడో నంబరు ప్రమాద హెచ్చరికలు వింటూ పెరిగినవాళ్లం కాబట్టి నేనలా గుర్తుపెట్టుకున్నాను. వాచ్ అంటే అవకాశం ఉంది, కన్నేసి ఉంచండి. అడ్వైజరీ అంటే వస్తుంది, ఇబ్బంది పెడుతుంది. వార్నింగ్ అంటే వచ్చేసింది లేదా రావడం ఖాయం, ప్రయాణం మానుకోండి. వాచ్ అనే మాట పెద్దగా వినపడుతుంది కానీ అడ్వైజరీ కంటే ముందు వచ్చేది అదే, పెరిగి వార్నింగ్ కావచ్చు, తేలిపోవచ్చు.

ఇక ఈ సైటు చేయని పనులు. రోడ్డు తెరిచి ఉందో లేదో చెప్పదు, దానికి వాషింగ్టన్ రాష్ట్ర రవాణా శాఖ, ఇక్కడ అందరూ వాష్‌డాట్ అంటారు, వాళ్ల పాస్ రిపోర్టులు, కెమెరాలు చూడాలి. నేను ఫోర్‌కాస్ట్ కంటే కెమెరాలనే ఎక్కువ నమ్మే రోజులుంటాయి. ఆల్‌వీల్ డ్రైవ్ ఉంది కదా అని చైన్లు ఇంట్లో వదిలేసేవాళ్లకి ఒక మాట, చైన్లు తప్పనిసరి అన్నప్పుడు మీరు వేయక్కర్లేదు గానీ కారులో ఉండాలి, లేకపోతే జరిమానా 500 డాలర్ల దాకా. 2022 జనవరి మొదట్లో స్టీవెన్స్, స్నోక్వాల్మీ, వైట్, బ్లూయెట్ నాలుగు పాస్‌లూ ఒకేసారి మూసేశారు, అప్పుడు ఏ చైన్లూ పనికిరాలేదు.

మంచు మీద వాన అని ఫోర్‌కాస్ట్‌లో ఉంటే మాత్రం మంచుచరియల గురించి హెచ్చరించే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ పేజీ కూడా తెరవండి. స్టీవెన్స్ పాస్ దగ్గరే వెల్లింగ్టన్ అని ఒక రైల్వే ఊరు ఉండేది. 1910లో రోజుల తరబడి మంచుకి రెండు రైళ్లు అక్కడ ఇరుక్కున్నాయి, ఆ తర్వాత మంచు ఆగి వాన, ఉరుములు మొదలయ్యాయి, మార్చి 1 తెల్లవారుజామున కొండ మీది మంచంతా జారి రైళ్లని లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు. అమెరికా చరిత్రలో ఇంతమందిని మింగిన మంచుచరియ ఇంకొకటి లేదు. ఆ రైళ్లు దాటాల్సిన కొండనే మనం ఇప్పుడు చిప్స్ తింటూ దాటుతున్నాం.

ఈసారి అమ్మానాన్న మళ్లీ వచ్చారు, మళ్లీ శనివారమే అనుకున్నాం. బుధవారం పొద్దున డిస్కషన్‌లో శుక్రవారం రాత్రి నుంచి స్నో లెవెల్ బాగా దిగుతుందని, కన్వర్జెన్స్ జోన్ యూఎస్-2 మీద ఆడొచ్చని రాశారు, మధ్యాహ్నానికి వాచ్ వచ్చింది. నాన్న మా ఆయనతో, "అల్లుడుగారూ, మళ్లీ ఆ మోటెలేనా?" అన్నారు నవ్వుతూ. ఇద్దరం గురువారానికి సెలవు పెట్టేశాం. గురువారం రోడ్డు పొడిగా ఉంది, పక్కన పాత మంచు గోడల్లా ఉంది, వారం మధ్యలో కాబట్టి పార్కింగ్ కూడా దొరికింది, చీకటి పడ్డ గంటకి లైట్లు చూసి బయల్దేరి తొమ్మిదిన్నరకి ఇంట్లో ఉన్నాం. శుక్రవారం రాత్రి స్టీవెన్స్ కెమెరా తెరిచి నాన్నకి చూపిస్తే తెర మొత్తం తెల్లగా ఉంది. చాలాసేపు చూసి, "ఇది లంబసింగి కాదులే" అన్నారు.

అయిదుకి నాలుగున్నర. ఆ సగం ఎందుకు తీశానంటే, ఇంత మంచి డిస్కషన్ పేజీని వెతుక్కుంటే తప్ప దొరకని చోట పెట్టినందుకు. చైన్లు ఇంకా ప్యాకెట్టు విప్పలేదు, ఈసారి సైజు టైరు పక్కన పెట్టి మరీ చూసి కొన్నాం.