కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టుతో చార్జింగ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీకి దగ్గర్లో నేను నడుపుతున్న డీటీపీ, జిరాక్స్ షాపులో ఇయర్‌బడ్స్, వైర్‌లెస్ మౌస్, చిన్న టార్చి, అప్పుడప్పుడు నా ఫోను కొన్నేళ్లుగా డెస్క్‌టాప్ పోర్టుల నుంచే చార్జ్ అవుతున్నాయి. చిన్న వస్తువులకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. ఫోనుకు మాత్రం వేరే దారి లేనప్పుడే.

కారణం పోర్టు ఇవ్వగలిగిన కరెంటులోనే ఉంది. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం 5 వోల్టుల వద్ద 500 మిల్లీఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు మాత్రమే వస్తాయి. సాధారణంగా లోపల నీలం రంగులో కనిపించే 3.0 పోర్టయితే 900 మిల్లీఆంపియర్లు. ఇయర్‌బడ్స్ డబ్బాకు అది ధారాళం. 5,000 ఎంఏహెచ్ ఫోనులో పట్టేది దాదాపు 19 వాట్-అవర్లు కాబట్టి, 2.0 పోర్టుకు తగిలిస్తే మధ్యలో వేడిగా పోయేది లెక్కలోకి తీసుకోకపోయినా ఏడు గంటలు దాటుతుంది, ఈలోగా వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లు చూస్తూ ఉంటే షాపు మూసే వేళకు కూడా నిండదు. అయితే మే నెల ఎండల్లో ఈ నిదానమే కలిసొస్తుంది: ఫాస్ట్ చార్జర్‌కు పెడితే చేత్తో పట్టుకోలేనంతగా కాలే ఫోను, పోర్టుకు పెట్టినప్పుడు గోరువెచ్చగానే ఉంటుంది.

కేబుల్ సంగతి చాలామంది పట్టించుకోరు. పొడవాటి సన్నని కేబుల్‌ను క్యాబినెట్ ముందున్న పోర్టుకు పెడితే దారిలోనే వోల్టేజి పడిపోయి, ఫోను తెర మీద 'నెమ్మదిగా చార్జ్ అవుతోంది' అని వస్తుంది. అదే ఫోనును మూరెడు మందపాటి కేబుల్‌తో వెనక పోర్టుకు తగిలిస్తే ఆ మాట పోతుంది. కంప్యూటర్ ఆపేశాక కూడా చార్జింగ్ కావాలనుకునేవారు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే మూల సెట్టింగుల్లో) 'ఈఆర్‌పీ' అనే కరెంటు ఆదా సెట్టింగ్ ఉందేమో చూసి, దాన్ని డిజేబుల్ చేయాలి. చాలా మదర్‌బోర్డుల్లో అది ఆన్‌లో ఉంటే పోర్టులకు కరెంటు రాదు.

కొండ దిగి టికెట్ల ప్రింటుకు వచ్చేవాళ్లు "అన్నా, రోంత చార్జింగ్ పెట్టుకుంటా" అంటూ నేరుగా సీపీయూ వైపు చేయి చాపుతారు. పోర్టు కరెంటుతో పాటు డేటానూ మోస్తుంది గనుక, తెలియని ఫోను ఫైల్ ట్రాన్స్‌ఫర్‌లో ఉంటే అందులోని వైరస్ ఫైళ్లు నా కంప్యూటర్‌లోకి, వాళ్ల ఫొటోలు నా కళ్ల ముందుకు రావచ్చు. రెండూ నాకు అక్కర్లేదు. అందుకే వాళ్ల కోసం కౌంటర్ పక్కన గోడ ప్లగ్గుకు ఒక మామూలు అడాప్టర్ ఉంచాను. ప్రింటు తీసేలోపు పోర్టు కన్నా అదే ఎక్కువ ఎక్కిస్తుంది.