నెట్ పోయినా ఆగని బోర్డు: రెండేళ్ళు వాడాక చెబుతున్న మాట

పాలకొల్లులో మా బాబాయి టిఫిన్ హోటల్ ఉంది. కౌంటరు పైన ఒక టీవీ, టోకెన్లిచ్చే చోట ఇంకోటి, రెంటికీ కలిపి వెనకాల ఒక సైనేజ్ ప్లేయరు, అంటే టీవీల మీద మెనూ బొమ్మలు వేసే చిన్న డబ్బా. 2024 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బిగించి వచ్చాను. నెల తిరక్కుండానే తెలిసినవాళ్ళందరికీ వాట్సాప్‌లో తెగ పొగిడాను. "కళ్ళు మూసుకుని కొనేయండి" అన్నాను. నా మాట నమ్మి ముగ్గురు కొన్నారు కూడా. పొగడ్త వెనక్కి తీసుకోవడం లేదు గానీ, అందులో "కళ్ళు మూసుకుని" అన్న ముక్క కొట్టేసుకోండి.

డబ్బా పేరు రాయను. ర్యామెంత, పోర్టులెన్ని అన్నవి అమ్మేవాళ్ళే రాస్తారు. నేను పడిపోయింది ఒక్క గుణానికి. బోర్డు మీద రావాల్సిన బొమ్మలూ వీడియోలూ ఏ పూట ఏవి రావాలన్న పట్టికా మొత్తం ముందే దించుకుని తన దగ్గర దాచుకుంటుంది. నెట్ ఉంటే కొన్ని నిమిషాలకోసారి సర్వర్ని అడిగి కొత్తవి తెచ్చుకుంటుంది, లేకపోతే ఉన్నవాటితోనే నడిపిస్తుంది. నేనుండేది మియాపూర్‌లో. రేటు మారినప్పుడల్లా ఫ్లెక్సీ మీద కాగితం ముక్క అతికించే బాధ తప్పి, ఇక్కడ మెట్రోలో నిలబడి ఫోన్లో మారిస్తే అక్కడ బోర్డు మారిపోయేది. ఆ వేసవిలో రోడ్డు తవ్వి కేబుల్ తెంపేశారు. రెండ్రోజులు ఊళ్ళో సగం దుకాణాల్లో నెట్ లేదు. మా బోర్డు కన్నార్పలేదు. నాకు అంతకన్నా ఏం కావాలి?

బిగించేటప్పుడు తిప్పలు పడ్డాను, పడనట్టు చెప్పను. డబ్బా వచ్చేటప్పుడు గడియారం యూటీసీలో, అంటే ప్రపంచమంతా పోల్చుకునే ప్రామాణిక సమయంలో ఉంది. మనకీ దానికీ ఐదున్నర గంటల తేడా. పొద్దున్న ఐదింటికి రావాల్సిన ఇడ్లీ బోర్డు మీదకి పదిన్నరకి వచ్చింది. ఆసియా/కోల్‌కతా అని మార్చాక దారికొచ్చింది. తర్వాత టీవీ వంతు. ఇళ్ళల్లో వాడే టీవీలు చాలావరకు బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కోసేస్తాయి. రేట్ల వరస కుడి అంచుకి ఆనించి పెట్టానేమో, చివరి సున్నాలన్నీ ఎగిరిపోయి "పెసరట్టు ఉప్మా 6" అని వెలిగింది. రోజూ వచ్చే మాస్టారొకాయన చూసి, "అయితే పది కట్టండి బాబూ" అన్నారు. టీవీ సెట్టింగుల్లో దీన్ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో దాస్తుంది. జస్ట్ స్కాన్ అనో, స్క్రీన్ ఫిట్ అనో ఉంటుంది, వెతకండి. అది దొరికినా సరే, బొమ్మ చుట్టూ నాలుగు వేళ్ళ మార్జిన్ వదలడం మేలు.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. కింద పరిగెత్తే లైన్లో తెలుగు టైపు చేస్తే అక్షరాల బదులు వరసగా ఖాళీ గళ్ళు వచ్చాయి. లోపల తెలుగు ఫాంటే లేదు. సపోర్టు కుర్రాడు పాపం దూరం నుంచే ఎక్కించాడు. అప్పుడు అక్షరాలొచ్చాయి గానీ, ఒత్తులు ఒక్కోసారి పక్కకి జరిగి కూర్చునేవి. ఇక విసుగొచ్చి, ల్యాప్‌టాప్‌లో రామభద్ర ఫాంటుతో మెనూ తయారుచేసి 1920 × 1080 బొమ్మగా ఎక్కించేస్తున్నాను. లావు అక్షరం, రోడ్డు మీద నుంచి కూడా కనిపిస్తుంది. ఫోన్లో తీసిన వీడియోలు మాత్రం నేరుగా ఎక్కించకండి, హెచ్.264 అనే వీడియో రకంలోకి మార్చి వేయండి. లేకపోతే ఇడ్లీ పాత్ర మీద ఆవిరి కూడా నత్తి కొడుతుంది.

ఇవన్నీ ఒక రోజు పని. అసలు కథ 2025 అక్టోబరుది.

28వ తేదీ మంగళవారం, మొంథా తుఫాను. రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది, అంటే మాకు పక్కనే. కరెంటు సాయంత్రమే తీసేశారు. ఇన్వర్టరు రాత్రి తొమ్మిది దాకా లాగి చేతులెత్తేసింది. మర్నాడు సాయంత్రం నాలుగింటికి కరెంటొచ్చింది. ప్లేయరు ఎవరూ ముట్టుకోకుండానే లేచి బోర్డు వెలిగించింది. బాబాయి ఫోటో తీసి పంపితే చూసి మురిసిపోయాను. అందులో చపాతీ, పరోటా కనిపిస్తున్నాయి, అవి రాత్రి ఏడు దాటాక రావాల్సినవని నాకు తట్టనేలేదు.

30న తెల్లవారి ఆరు దాటాక ఫోను.

"ఒరేయ్ నాన్నా, నీ టీవీకేదో పట్టిందిరా. పొద్దున్నే భోజనాలంటోంది."

"నెట్ రాలేదు కదా బాబాయ్, వస్తే అదే సర్దుకుంటుంది."

నేనన్నది అంతే. ఆ రోజు పన్నెండింటికి భోజనాలకొచ్చినవాళ్ళకి పునుగులు, బజ్జీలు చూపించింది. సాయంత్రం ఐదున్నరకి, అంటే కళాయి చుట్టూ జనం మూగే వేళకి, "హోటల్ కట్టేశాం, రేపు ఉదయం 5 గంటలకు కలుద్దాం" అని దండం పెట్టే బొమ్మ వేసింది. జనం బోర్డు చూసి, కళాయిలో వేగుతున్న బజ్జీలు చూసి, బాబాయి ముఖం చూశారట.

సంగతేమిటంటే, ఆ డబ్బాలో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటున్నంతసేపూ లెక్కపెట్టుకుంటుంది, పోతే అక్కడే ఆగుతుంది. లేచాక నెట్‌లో టైమ్ సర్వర్ని అడిగి దిద్దుకోవాలి. నెట్ లేకపోతే ఆగిన చోటు నుంచే మళ్ళీ మొదలు. మనకి బుధవారం సాయంత్రం నాలుగైతే, దానికింకా మంగళవారం రాత్రి తొమ్మిదే. పంతొమ్మిది గంటలు వెనక. రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లలో ఇది మామూలే. రాస్ప్‌బెర్రీ పై 4 దాకా కరెంటు పోయినా నడిచే గడియారమే లేదు, రాస్ప్‌బెర్రీ పై 5లో పెట్టారు, బ్యాటరీ తగిలించుకునే చోటూ ఇచ్చారు. కొనేముందు నేను ఈ ఒక్క ప్రశ్నా అడగలేదు. నెట్ లేకపోయినా నడుస్తుందని చూశాను గానీ, నెట్ లేకుండా లేస్తే టైమెంతో దానికెవరు చెబుతారని ఆలోచించలేదు.

ఇక్కడ కౌంటర్లో ఉండే కుర్రాడి గురించి చెప్పకపోతే పాపం. ఇంటర్ చదివాడు, కంప్యూటర్ ముట్టుకున్నది లేదు. రోజంతా బోర్డుని చూసి, ఇది సరిగ్గా ఐదు గంటలు ముందు పోతోందని పట్టేశాడు. పంతొమ్మిది వెనక అంటే పూటల లెక్కలో ఐదు ముందే కదా. ఆ రాత్రి హోటల్ కట్టాక ప్లగ్గు పీకేసి, ఐదు గంటలు పక్కన పడేసి, తెల్లవారుజామున మళ్ళీ పెట్టాడు. బోర్డు చక్కగా ఇడ్లీ వేసింది! డబ్బా లెక్కలో అది నిన్నటి రోజు, కానీ పూట సరిపోయింది. "ఎలా తట్టిందిరా?" అని తర్వాత అడిగితే, "మా తాతయ్య గోడ గడియారం ముందుకెళ్తే ఊగేది పట్టుకుని ఆపేవోడండీ, ఆయ్" అన్నాడు. పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, నాకు రాలేదు ఈ ఆలోచన.

కాకపోతే వాడి వైద్యం బాగా కుదరడమే కొంప ముంచింది. బోర్డు బాగుపడింది కదా అని నాకెవరూ ఫోన్ చేయలేదు. ఫోన్ రాలేదు కదా అని నేనూ పట్టించుకోలేదు. ఒకటో తేదీ నుంచి పెసరట్టు ఉప్మా 60 కాస్తా 70 అన్నాడు బాబాయి. 31 రాత్రి ఫోన్లో మార్చి పడుకున్నాను. నెట్ రాగానే తీసుకుంటుందిలే అనుకున్నాను. బిల్లు మిషన్లో మాత్రం వాళ్ళు అక్కడే మార్చుకున్నారు.

3వ తేదీ కార్తీక సోమవారం. పాలకొల్లు క్షీరారామం పంచారామాల్లో ఒకటి. కార్తీక మాసమంతా పంచారామాల బస్సులే. రోజూ వచ్చేవాళ్ళు బోర్డు చూడరు, "రెండు అట్లు" అని కూర్చుంటారు. బస్సు దిగినవాళ్ళు బోర్డు చూసి, జేబు చూసుకుని, పిల్లలెంతమందో లెక్కపెట్టుకుని చెబుతారు. "బోర్డు మీద అరవై, బిల్లులో డెబ్బయ్యా? యాత్రకొచ్చినోళ్ళంటే అంత లోకువా అండీ?" అని ఒకావిడ నిలదీసిందట. బాబాయికి మాట పడటం కన్నా డబ్బు పోవడం నయం. మధ్యాహ్నం దాకా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పదేసి రూపాయలు తిరిగిచ్చాడు.

4న నెట్ కంపెనీవాళ్ళొచ్చి కాలిపోయిన రూటర్ తీసి కొత్తది పెట్టి వెళ్ళారు. బాబాయి నుంచి వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పువ్వు రాగానే, హమ్మయ్య బోర్డు కూడా దారిలో పడి ఉంటుందనుకున్నాను. పడలేదు. కొత్త రూటరుకి కొత్త వైఫై పేరు, కొత్త పాస్‌వర్డు. డబ్బా పాత పేరే వెతుక్కుంటూ, పాత రేట్లే వేసుకుంటూ కూర్చుంది. నా లాగిన్ పేజీలో "ఆఖరిసారి కనిపించినది: అక్టోబరు 28" అని ఎర్రగా రాసే ఉంది. చూస్తేగా. అలర్ట్ మెయిల్ కూడా పంపారట, నేను తెరవడం మానేసిన పాత అడ్రసుకి.

5న కార్తీక పౌర్ణమికి ఊరెళ్ళాను. హోటల్లో అడుగుపెట్టగానే కనిపించింది: నలభై మూడు అంగుళాల టీవీ మీద, పెసరట్టు పక్కన, టోకెన్ పుస్తకంలోంచి చింపిన కాగితం. మీద స్కెచ్ పెన్నుతో 70. నాలుగు పక్కలా సెల్లో టేపు. కింద ఇంకో రెండు కాగితాలు, ఒకటి ఫ్యాను గాలికి సగం ఊడి ఊగుతోంది.

"చెప్పొచ్చు కదా బాబాయ్."

"నువ్వు పనిలో ఉంటావని. ఇదెంత పనిరా, అతికిస్తే అయిపోయె."

కొత్త రూటరులోకి వెళ్ళి వైఫైకి పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టాను. ఐదు నిమిషాల్లో బోర్డు ఒకసారి నల్లబడి కొత్త రేట్లతో లేచింది. ఈ చిట్కా మాత్రం ఎక్కడైనా రాసిపెట్టుకోండి. రూటర్ మారినప్పుడు డబ్బాల దగ్గరకి నిచ్చెన వేసుకుని వెళ్ళక్కర్లేదు, రూటరుకే పాత పేరు పెడితే చాలు. ఆ మర్నాడే కేబుల్ లాగి వైఫై పీడా వదిలించాను.

తర్వాత డీఎస్3231 అనే, బ్యాటరీతో నడిచే గడియారం మాడ్యూలు తెప్పించి, సపోర్టువాళ్ళని అడిగి లోపల తగిలించాను. ఆ చిప్పు ఏడాదికి నిమిషం అటూ ఇటూ తప్ప తేడా రానివ్వదు. ఒక్క జాగ్రత్త: ఆన్‌లైన్లో చవగ్గా దొరికే వాటిలో చాలావాటికి ఛార్జింగ్ సర్క్యూట్ ఉంటుంది, అది ఛార్జ్ అయ్యే ఎల్ఐఆర్2032 బ్యాటరీ కోసం. మామూలు సీఆర్2032 బిళ్ళ అందులో వేయకూడదు. నేను వేయబోయి ఆగాను.

ఇవి కాక బోర్డు కింద మూలలో రెండు చిన్న లైన్లు పెట్టాను. ఒకటి డబ్బా తన లెక్క ప్రకారం చూపించే తేదీ, టైము. రెండోది "ఈ రేట్లు ఫలానా తేదీ నుంచి". బాబాయి పొద్దున్నే గల్లాపెట్టెకి దండం పెట్టుకుని, చేతి వాచీ ఒకసారి, బోర్డు మూల ఒకసారి చూస్తాడు. తేడా ఉంటే నాకు ఫోను. అలర్టు మెయిలు కన్నా ఇది నయంగా పనిచేస్తోంది.

కొనాలా వద్దా అంటే, మీరు నాలా దూరంగా ఉండి, పూటకో మెనూ మార్చాల్సిన చోటైతే నేను కొనమనే అంటాను. దుకాణంలో మీరే కూర్చుంటే, మెనూ ఎప్పుడూ ఒక్కటే అయితే, టీవీకి పెన్ డ్రైవ్ పెట్టి బొమ్మలు తిప్పుకోండి, నెలనెలా ఆ చందా దేనికి? మాకు చందా బరువనిపించలేదు గానీ అది నేను కడుతున్నాను కాబట్టి, బాబాయి కడితే ఏమనేవాడో. నెట్ లేకపోయినా ఆగదన్న ఆ గుణం ఇప్పటికీ నాకిష్టమే. ఆగిపోయే రకమైతే ఆ రోజే ఎవరో ఒకరు ఫోన్ చేసేవారన్నదీ నిజమే.

నర్సాపురం రోడ్డులో ఇంకో కౌంటరు తెరుస్తున్నాడు బాబాయి. దానికీ ఇలాంటిదే తెమ్మన్నాడు. తెస్తాను, గడియారం బ్యాటరీ ఉన్నది చూసి. పాత ఫ్లెక్సీ పారేయొద్దు, మడతపెట్టి అటక మీద ఉంచమని కూడా చెప్పాను. టీవీ మీద టేపు మరక మాత్రం ఎంత తుడిచినా పోలేదు, పెసరట్టు పక్కన పగటి వెలుగులో ఇంకా కనిపిస్తుంది.