చైన్‌సా బార్ ఆయిల్: మూడేళ్లు వాడాక, ఒక పంపు పోయాక

చైన్‌సా అంటే మరరంపం. దాని పళ్ల చైన్ చుట్టూ తిరిగే పొడవాటి లోహపు పట్టీ బార్, ఆ రెండూ రాసుకుని వేడెక్కకుండా పోసే నూనే బార్ ఆయిల్. ముందు దాని జిగట గురించే చెప్పాలి. మంచి బార్ ఆయిల్ చుక్క ఒకటి బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి మెల్లగా విడదీసి చూడండి, సన్నటి పోగులా సాగుతూ వస్తుంది. మామూలు ఇంజన్ ఆయిల్ అలా సాగదు, వెంటనే తెగిపోతుంది. మూడేళ్లుగా చైన్‌సా వాడుతున్నాను, ఈ ఒక్క గుణం కోసమే ఇప్పటికీ దీనికని తయారుచేసిన నూనే కొంటాను, ఇకముందూ కొంటాను.

మొదటి ఏడాది మాత్రం "ఎలాగూ కారిపోయే నూనే కదా, ఏది పోస్తే ఏముంది" అని ఎవరో చెబితే విని, బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పోశాను. కారిపోయే మాట నిజమే. ఈ నూనె మళ్లీ ట్యాంకులోకి రాదు, ఒకసారి చైన్ మీదికి ఎక్కిందంటే పొట్టులోకో నేలలోకో పోవాల్సిందే. కానీ పోయేలోపు చైన్‌ని పట్టుకుని ఉండాలి కదా! ట్యాంకులోని నూనె పంపు ద్వారా బార్ వెనక భాగంలో పడుతుంది, చైన్ దాన్ని పైఅంచు మీదుగా ముందుకు మోసుకెళ్లి, ముక్కు (బార్ ముందు కొస) దగ్గర తిరిగి, కింది అంచుకి తేవాలి. మనం ఎక్కువగా కోసేది ఆ కింది అంచుతోనే. చైన్ సెకనుకు 20 మీటర్లకు అటూ ఇటూ వేగంతో తిరిగేటప్పుడు జిగట లేని నూనె ముక్కు దగ్గరే చాలావరకు చిమ్మిపోతుంది. పైగా పాత ఆయిల్‌లో ఇంజన్ అరుగుదల వల్ల వచ్చిన లోహపు పొడి ఉంటుంది, చర్మానికి మంచివి కాని మసి పదార్థాలు ఉంటాయి, అదంతా తుంపరగా చేతుల మీదా ముఖం మీదా పడుతుంది. ఏడాదికల్లా నా బార్ అంచులు ఒకచోట నీలిరంగుకి తిరిగాయి, వేలితో తడిమితే గీసుకునేంతగా అంచు లోహం పైకి లేచింది. ఆ బార్ పారేశాను.

తర్వాత పెట్రోలియం రకం బార్ ఆయిల్‌కి మారాను. చైన్ మాటిమాటికీ వదులవడం తగ్గింది, పొగ రావడం ఆగింది. దాని గురించి చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు, చేయాల్సిన పని చేసింది.

అసలు కథ మొక్కల నూనెతో చేసిన బార్ ఆయిల్‌ది. కూరగాయల మడుల పక్కన కొమ్మలు కొయ్యాల్సి వచ్చి, పెట్రోలియం నూనె ఆ మట్టిలో పడటం ఇష్టం లేక అది తెచ్చాను. నాకు భలే నచ్చింది. వాసన లేదు, చేతులు సబ్బుతో ఒక్కసారికే శుభ్రమయ్యాయి, జిగట ఏమాత్రం తక్కువ కాదు. ఇక ఇదే వాడండి అని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాటని ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

ఆ నూనె ట్యాంకులో ఉండగానే రంపాన్ని నాలుగు నెలలకు పైగా పక్కన పెట్టేశాను. మళ్లీ తీసినరోజు పడిపోయిన చెట్టు మొద్దు కోస్తుంటే సగంలో కాలిన చెక్క వాసన వచ్చింది, కోతలోంచి పొగ లేచింది. చైన్ మొండిబారిందేమో అనుకున్నాను, కానీ పొట్టు చూస్తే పిండిలా కాకుండా పెచ్చులు పెచ్చులుగా చక్కగానే పడుతోంది, అంటే పదును ఉంది. చైన్ బార్ కింద వేలాడేంత వదులైంది, వేడికి సాగుతుంది కాబట్టి బిగించాను, ఐదు నిమిషాల్లో మళ్లీ వేలాడింది. అప్పుడు నూనె ట్యాంకు మూత తీశాను. పెట్రోలు ట్యాంకు ఖాళీ అవుతోంది, నూనె మాత్రం పోసినంతా అలాగే ఉంది! మామూలుగా రెండూ ఇంచుమించు కలిసే తగ్గాలి. బార్ ముక్కుని ఒక అట్టముక్కకి జానెడు దూరంలో పట్టి రేస్ ఇచ్చాను, నూనె పడి సన్నటి గీత కనిపించాలి, ఒక్క చుక్క కూడా లేదు. అక్కడితో పని ఆపేశాను.

క్లచ్ కవర్ (బార్ మొదట్లో పక్కన ఉండే మూత) విప్పితే లోపలంతా పసుపుపచ్చ పొర, వార్నిష్‌లా గట్టిపడి గోటితో గీకినా రావడం లేదు, దాంట్లోనే పొట్టు ఇరుక్కుని అట్టకట్టింది. తలుపులకి పూసే అవిసె నూనె గాలి తగిలి ఎలా ఆరిపోతుందో ఇదీ అంతే, కొంచెం నెమ్మదిగా. ట్యాంకు లోపలి ఫిల్టరు బంకలో ముంచి తీసినట్టుంది, పంపు తిరగకుండా బిగుసుకుపోయింది, దాన్ని తిప్పే ప్లాస్టిక్ వార్మ్ గేరు పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. ఆ గేరు పట్టుకుని చూస్తుంటే నిజంగా బాధేసింది, ఎందుకంటే రంపం తప్పేమీ లేదు. పంపు, గేరు, ఫిల్టరు మూడూ మార్చాల్సి వచ్చింది. బార్ గాడిలో, నూనె వచ్చే రంధ్రంలో పేరుకున్న బంకని సన్నటి తీగతో గంటసేపు గీకి తీశాను.

అయినా మొక్కల నూనె మానలేదు. కాకపోతే, పది పదిహేను రోజులకి పైగా రంపం బయటికి తీయనని తెలిస్తే ట్యాంకు ఖాళీ చేసి, కొంచెం పెట్రోలియం రకం పోసి, అట్ట మీద గీత పడేదాకా నడిపి అప్పుడు పక్కన పెడుతున్నాను. అలా చేయడం మొదలుపెట్టాక ఏడాదిన్నరగా పంపుతో ఇబ్బంది రాలేదు. రోజూ కోసేవాళ్లకి ఇదేదీ అక్కర్లేదేమో, వాళ్ల ట్యాంకులో నూనె బంకయ్యేంత కాలం నిలవ ఉండదు కదా. నాలాగా నెలకి రెండు మూడు రోజులు వాడుతూ, చెప్పిన ఈ శుభ్రత పని చేసే ఓపిక లేకపోతే మాత్రం పెట్రోలియం రకమే తీసుకోండి.

ఒక చిన్న ఇబ్బంది రెండు రకాల్లోనూ ఉంది. బాగా చలిగా ఉన్న పొద్దున్న ఈ జిగటే అడ్డమవుతుంది, చిక్కటి నూనె పంపులోకి తొందరగా ఎక్కదు. చలికాలానికి పల్చటి రకం విడిగా దొరుకుతుంది, నేను ఇంకా వాడలేదు. డబ్బాని కాసేపు ఎండలో పెట్టి పోస్తున్నాను, నేను కోసే కొద్దిపాటి కొమ్మలకి అది సరిపోతోంది.