పాలమూరులో రెండు మధ్యాహ్నాలు, ఒకే హోటల్

ఆదివారం వెళ్తే పన్నెండున్నరకల్లా కూర్చోవాలి. ఒంటిగంట దాటితే బోటి, అంటే పేగుల కూర, ఉండదు. శనివారమైతే అసలు మాంసమే వండరు. ఈ రెండు సంగతులూ మాకు ముందు ఎవరూ చెప్పలేదు. మేం ఆదివారం ఒకటిన్నరకి చేరాం.

హోటల్ పేరు రాయడం లేదు. రాయనా అని అడిగాను కూడా. కౌంటర్ దగ్గర కూర్చునే అబ్బాయి "వద్దక్కా, పది టేబుళ్ళకే పొయ్యి సరిపోతలేదు, ఇంకెక్కువ మంది వస్తే వంట ఖరాబైతది" అన్నాడు. ఆ మాటకి కట్టుబడి, ఊరూ తిండీ మాత్రమే చెప్తాను. మహబూబ్‌నగర్ పాత బజారు వైపు వెళ్ళి, జొన్న రొట్టెలు ఎక్కడ బాగుంటాయని ఎవరినైనా అడగండి.

మేం నలుగురం: అమ్మ, మా ఆయన, మా అబ్బాయి, నేను. అమ్మది దేవరకద్ర దగ్గర పల్లె. పెళ్ళై హైదరాబాద్ వచ్చి నలభై ఐదేళ్ళయింది. మన్యంకొండ స్వామికి పాత మొక్కు ఒకటి ఉండిపోయిందని చాలా రోజులుగా అంటోంది. హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాదాపు 100 కిలోమీటర్లు. బెంగళూరు హైవే మీద జడ్చర్ల దాకా వచ్చి కుడివైపు తిరిగితే పావుగంటలో ఊరొస్తుంది. కాచిగూడ నుంచి రైళ్ళు కూడా ఉన్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద 1890లో ఊరి పేరు మారింది గానీ, అమ్మ నోట ఇప్పటికీ పాలమూరే.

పొద్దున హైవే మీద ఒక పెద్ద ఫుడ్ కోర్టులో ఆగాం. బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, కార్లు పెట్టుకోవడానికి బోలెడు చోటుంది, అది ఒప్పుకోవాలి. మెనూలో జొన్న రొట్టె కనిపించేసరికి అమ్మ మొహం వెలిగింది. వచ్చింది మాత్రం ఎప్పుడో కాల్చి పెట్టింది, అంచులు అట్టలా గట్టిపడిపోయి ఉంది. అమ్మ రెండు ముక్కలు తిని పక్కన పెట్టేసింది. అంత ఆశపడ్డ మనిషి ఏమీ అనకుండా టీ తాగుతుంటే నాకు బాధేసింది.

ముందు పిల్లలమర్రికి వెళ్ళాం. ఊరికి నాలుగు కిలోమీటర్లు. 700 ఏళ్ళ చెట్టంటారు, ఊడలన్నీ కలిపి మూడెకరాల దాకా పాకింది. అమ్మ చిన్నప్పుడు ఆ ఊడలు పట్టుకుని ఊగిందట. ఇప్పుడు దగ్గరికి పోనివ్వరు, కంచె బయటి నుంచి చూడాలి. చెదలు పట్టి ఒక పెద్ద కొమ్మ పడిపోయాక, 2018లో కొమ్మలకి సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. దూరం నుంచే చూపిస్తున్నారని కొందరు గొణుక్కుంటున్నారు గానీ, చెట్టు బతకడం కన్నా మనం ముట్టుకోవడం ముఖ్యం కాదు. పిల్లలుంటే పక్కనే జింకలున్నాయి, మ్యూజియం ఉంది. గంటన్నర చాలు.

ఇక హోటల్. బయట అరుగు మీద ఇరవై మంది నిలబడి ఉన్నారు. టోకెన్లు లేవు. కౌంటర్ అబ్బాయి మొహాలు గుర్తుపెట్టుకుని వరసగా పిలుస్తాడు. నలభై నిమిషాలు పట్టింది. అమ్మని చూసి లోపలి నుంచి కుర్చీ తెప్పించి వేశాడు. లోపల షాబాద్ బండలు, పాత ఫ్యాన్లు. ఏసీ లేదు. వంటిల్లు గోడ వెనక దాగి లేదు, భోజనాల గదిలోంచి తిన్నగా కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఇద్దరు తోడికోడళ్ళు కూరల దగ్గర, ఇంకో ఇద్దరు రొట్టెల దగ్గర, అందరినీ చూసుకుంటూ ఒక మూల పీట మీద అవ్వ.

అమ్మ బోటి అడిగింది. "అయిపోయిందమ్మా. తలకాయ ఉన్నది, పాయ ఉన్నది. మీకైతె పాయ తెస్త, ఎముక మెత్తగ ఉడికింది" అన్నాడు వడ్డించే అతను. ఇంకో రెండు గిన్నెలు బోటి వండితే అవీ అమ్ముడుపోతాయి కదా అని మా ఆయన అన్నాడు. దానికి అవ్వే జవాబు చెప్పింది. బోటిలో పనంతా కడగడంలోనే ఉంది. సున్నం వేసి, వేడినీళ్ళు పోసి, గీకి, ఐదారు నీళ్ళు మార్చాలి. ఆ పని సరిగ్గా వచ్చినవాళ్ళు ఇంట్లో ఇద్దరే. వాళ్ళు ఎంత కడగ్గలిగితే అంతే తెస్తారు. ఇంట్లో వాళ్ళు కూడా మూడు దాటాక అదే గిన్నెల్లోది తింటారు. బయటివాళ్ళకి వేరు, తమకి వేరు వండరు.

రొట్టె ఒక్కొక్కటే వస్తుంది. నాలుగూ ఒకేసారి తెమ్మంటే తేరు. "సల్లారినంక తింటే ఏం లాభమక్కా?" అన్నాడు వడ్డించే అతను. పొద్దున ఫుడ్ కోర్టులో తిన్నదానికీ దీనికీ తేడా ఎక్కడుందో వంటింటి వైపు చూస్తే తెలిసింది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మసిలే ఎసరు పోసి కలిపితేనే ముద్ద అవుతుంది. చన్నీళ్ళతో కలిపితే తడుతుండగానే చీలిపోతుంది. పిండి పాతబడినా అంతే, అంచులు విరుగుతాయి. ఇక్కడ మూడు నాలుగు రోజులకి ఒకసారి పచ్చజొన్నలు పట్టిస్తారట. ముద్దని పీట మీద అరచేత్తో తడుతూ తిప్పుతుంటే రొట్టె దానంతట అదే పెరుగుతున్నట్టు ఉంటుంది. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి, తిరగేసి కాలుస్తారు. పొంగుతుంది. పొంగిన రొట్టె మీద ఆవిరి పోకముందే కంచంలో పడుతుంది.

పాయ రొట్టెతో అద్దుకుని తినడానికి చేసిందే. మిరియం, ధనియాలు గట్టిగా తగులుతాయి, నూనె తేలదు. పొట్టేలు కూరలో ఎండుకొబ్బరి వేయించి నూరి వేశారు. కారం మాత్రం ఎక్కువే, మా అబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నపిల్లలుంటే ముందే చెప్పండి, పప్పు తెస్తారు. అన్నంలోకి పచ్చిపులుసు పోశారు. కాల్చిన మిరపకాయలు, పచ్చి ఉల్లిపాయ, నువ్వుల పొడి. నువ్వుల పొడి వేసిన పచ్చిపులుసు తిని చాలా ఏళ్ళయిందని అమ్మ రెండోసారి పోయించుకుంది. నలుగురికీ కలిపి వెయ్యి రూపాయలు కాలేదు.

లోపాలూ చెప్పాలి. బండి పెట్టడానికి చోటు లేదు, మేం రెండు సందుల అవతల ఆపి నడిచాం. బాత్రూమ్ పెరట్లో ఉంది, రెండు మెట్లు దిగాలి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి కష్టం. అమ్మని నేను పట్టుకుని తీసుకెళ్ళాల్సి వచ్చింది. మాంసం తినని వాళ్ళకి పప్పు, ఒక కూర, పచ్చిపులుసు, పెరుగు, అంతే. అవి బాగుంటాయి గానీ, ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. మూడు తర్వాత తలుపులు వేసేస్తారు. రాత్రి భోజనం లేదు.

రద్దీ తగ్గాక అవ్వ వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. ఏ ఊరు, ఎవరింటి ఆడబిడ్డ అని అడిగి, పది నిమిషాల్లో "చెల్లె", "అక్కా" అనుకున్నారు. ఈ జిల్లా నుంచి, కూలీలని పోగుచేసి తీసుకెళ్ళే గుంపు మేస్త్రీల వెంట మట్టిపనికి ఎక్కడెక్కడికో వెళ్ళిన వాళ్ళని పాలమూరు లేబర్ అనేవాళ్ళు కదా. అవ్వ మామగారు అలాగే నాగార్జునసాగర్ పనికి వెళ్ళాడు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ అది. అక్కడ తట్టలు మోస్తూ మోస్తూ తన గుంపుకి వంట చేయడం మొదలుపెట్టాడట. 1967లో కాలువలకి నీళ్ళు వదిలాక ఊరికి తిరిగొచ్చి, చేతికొచ్చిన ఆ విద్యతోనే ఈ హోటల్ పెట్టాడు. "మట్టి మోసెటోనికి రొట్టె సల్లగ పెడితె కడుపు నిండదంటుండె మా మామ" అంది అవ్వ. అమ్మ వాళ్ళ నాన్నగారు కూడా కొన్నేళ్ళు గుంపులో వెళ్ళాడని నాకు ఆ రోజే తెలిసింది. అమ్మ ఇంతవరకూ మాతో ఎప్పుడూ చెప్పలేదు.

రాత్రికి దిగిన లాడ్జి గురించి రెండు ముక్కలు. ఆన్‌లైన్‌లో చూసి బుక్ చేసుకున్నాం. లిఫ్ట్ ఉందన్నారు, అది పనిచేయడం లేదు. అమ్మ మూడో అంతస్తు ఎక్కింది. వేడినీళ్ళు 24 గంటలూ అన్నారు, పొద్దున ఆరింటికి రాలేదు. అడిగితే బకెట్‌కి వేరుగా డబ్బులన్నారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందు ఫోన్ చేసి, కింది అంతస్తు గది ఇస్తామంటేనే డబ్బు కట్టండి.

సోమవారం పొద్దున్నే మన్యంకొండ. రాయచూరు రోడ్డు మీద 20 కిలోమీటర్ల లోపే. కొండపైకి కారు పోతుంది. భక్తులు కొత్త కుండల్లో అన్నం వండి స్వామికి పెడతారు, దాన్ని దాసంగం అంటారు. అమ్మ మొక్కు అదే. కట్టెల పొగలో కూర్చుని వండుతున్నంతసేపూ అమ్మ మోకాళ్ళ మాటే ఎత్తలేదు. హోటల్ వాళ్ళ ఇలవేల్పు కూడా ఈ వేంకటేశ్వరుడేనట, శనివారం మాంసం వండకపోవడం అందుకే.

అక్కడి నుంచి ఆత్మకూరు మీదుగా జూరాల వెళ్ళాం. డ్యామ్ పక్కన చేపల కొట్లు వరసగా ఉన్నాయి. ముందు చేప చూపించి, తూకం వేసి, మన ముందే మసాలా పట్టించి వేయిస్తారు. బొచ్చె వేపుడు తిన్నాం, తాజాగా ఉంది. కాకపోతే అన్ని కొట్లలో నూనె ఒకేలా లేదు. మూకుడులోకి ఒకసారి చూసి, నల్లగా ఉంటే పక్క కొట్టుకి వెళ్ళండి.

చేప కొంచెమే తిన్నాం, ఎందుకంటే మనసు హోటల్ మీదే ఉంది. పొద్దునే ఫోన్ చేస్తే, రెండున్నర లోపు రమ్మన్నాడు కౌంటర్ అబ్బాయి. దారిలో లారీల వెనక ఇరుక్కుని, మూసేస్తారేమోనని ఒకటే టెన్షన్. రెండూ నలభైకి చేరాం. కుర్చీలు టేబుళ్ళ మీదికి ఎత్తేస్తున్నారు. ఇక లేదనుకున్నాం. అవ్వ మూత పెట్టిన గిన్నె ఒకటి తెచ్చి అమ్మ ముందు పెట్టింది. "నిన్న అడిగినవ్ గద చెల్లె" అంది. బోటి. వాసన లేదు, రబ్బరులా సాగలేదు, చింతచిగురు పులుపు లోపలి దాకా పట్టింది. ఇంట్లో వాళ్ళు తినే వేళ కాబట్టి మమ్మల్నీ వాళ్ళ బంతిలోనే కూర్చోబెట్టారు. అవ్వ డబ్బులు తీసుకోనంటే, మా ఆయన బలవంతంగా కౌంటర్ మీద పెట్టొచ్చాడు.

రొట్టెలు పార్సిల్ కట్టమని అడిగాను. అవ్వ ఒప్పుకోలేదు. బదులుగా రెండు కిలోల పిండి కట్టించి అమ్మ చేతిలో పెట్టింది. "పది దినాలల్ల వాడుకోవాలె. అటెన్క చేసినవంటె ఇరుగుతది, నన్ననొద్దు."

ఇవాళ్టికి ఆరో రోజు. అమ్మ రాత్రి పూట స్టూలు మీద కూర్చుని, ఎసరు తనే పోసి కలుపుతోంది. ఇంకా ముప్పావు కిలో పిండి ఉంది.