నికాన్ డీ7500: డీ3500 వాడుతున్నవాళ్లు దీనికి మారొచ్చా?

డీ3500 లాంటి ఎంట్రీ లెవెల్ నికాన్ వాడుతూ సెమీ ప్రొఫెషనల్ బాడీ (లెన్స్ లేకుండా కెమెరా ఒక్కటే) కోసం వెతికేవాళ్లకి ముందుగా వినిపించే పేరు డీ7500. 2017లో వచ్చిన మోడల్, సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతుంది. అయితే పగటి వెలుగులో, కదలకుండా నిలబడ్డ మనిషిని, అదే లెన్సుతో తీస్తే డీ3500 ఫోటోకీ దీని ఫోటోకీ తేడా పట్టుకోవడం కష్టం. మెగాపిక్సెళ్లయితే తగ్గుతాయి కూడా: అక్కడ 24.2, ఇక్కడ 20.9. ఫోటో క్వాలిటీ ఒక్కసారిగా పెరుగుతుందన్న ఆశతో కొంటే నిరాశే. కదిలే సబ్జెక్టు, ఇబ్బంది పెట్టే లైటింగ్, ఫ్లాష్ పని: ఈ మూడింట్లోనే పెట్టిన డబ్బుకి ఫలితం కనిపిస్తుంది.

ఫోకస్ సంగతి చూద్దాం. డీ3500లో 11 పాయింట్లు, వాటిలో క్రాస్ టైప్ (అడ్డగీతల్నీ నిలువుగీతల్నీ రెండింటినీ పట్టుకునే పాయింటు) మధ్యలో ఉన్నది ఒక్కటే. డీ7500లో 51 పాయింట్లు, 15 క్రాస్ టైప్. బరస్ట్ (వరసగా తీసే వేగం) సెకనుకి 5 నుంచి 8 ఫ్రేములకు పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యమైనది బఫర్, అంటే కార్డులోకి రాసేలోపు ఫోటోలు ఆగే మెమరీ. 14 బిట్ లాస్‌లెస్ కంప్రెస్డ్ రా ఫైళ్లు (సెన్సర్ డేటా యథాతథంగా ఉండే ఫైళ్లు) వరసగా 50 దాకా తీస్తుంది, అంటే ఆరు సెకన్లు ఆగకుండా. తలంబ్రాలు పోసుకునేటప్పుడు మంచి నవ్వు దొరికేది ఆ ఆరు సెకన్లలోనే. కార్డు స్లాట్ యూహెచ్‌ఎస్-1 (ఎస్‌డీ కార్డుల్లో ఒక వేగం రకం) మాత్రమే కాబట్టి ఖరీదైన యూహెచ్‌ఎస్-2 కార్డు కొన్నా వేగం పెరగదు. మంచి కంపెనీ వీ30 (సెకనుకి కనీసం 30 ఎంబీ రాసే) కార్డు చాలు.

ఏఎఫ్-సీలో (కదిలే సబ్జెక్టుని వెంటాడే ఫోకస్) ఏ ఏరియా మోడ్ పెట్టాలో తెలియక చాలామంది ఈ కెమెరాని తిడతారు. గ్రూప్ ఏరియా మోడ్ తన పరిధిలో దగ్గరగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది. ఆకాశంలో ఎగిరే పక్షికి అది బ్రహ్మాండం. నేలపట్టులో గూడబాతులు తీసేవాళ్లు ఇదే పెట్టుకోవచ్చు. అదే మోడ్ తలంబ్రాల దగ్గర పెడితే ముఖం వదిలేసి ముందుకొచ్చిన చేతుల మీద ఫోకస్ కూర్చుంటుంది. అక్కడ డైనమిక్ 9 పాయింట్లు (ఎంచుకున్న పాయింటుకి చుట్టూ ఉన్నవి తోడుండే మోడ్) పెట్టి పాయింటు కంటి మీద ఉంచండి. కస్టమ్ సెట్టింగుల్లో ఫోకస్ ట్రాకింగ్ లాక్-ఆన్‌ని 4కి పెంచితే మధ్యలో ఎవరైనా అడ్డొచ్చినా ఫోకస్ వెంటనే వాళ్ల మీదకి దూకదు.

ఫంక్షన్ హాల్లో ట్యూబ్‌లైట్ల కింద వరసగా తీస్తే ఒక ఫ్రేము పసుపుగా, ఇంకొకటి చీకటిగా వస్తుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/100 కన్నా వేగమైతే ఆ మిణుకులో ఒక ముక్కే ఫ్రేములో పడుతుంది. డీ7500లో ఫోటో షూటింగ్ మెనూలో ఫ్లికర్ రిడక్షన్ ఆన్ చేస్తే వెలుగు ఎక్కువగా ఉన్న క్షణం చూసుకుని షట్టర్ వదులుతుంది. బరస్ట్ వేగం కాస్త తగ్గొచ్చు. అలంకరణకి పెట్టిన సీరియల్ లైట్ల దగ్గర మాత్రం దీన్ని నమ్ముకోకండి, ఆ మిణుకుని కెమెరా గుర్తించకపోవచ్చు. అలాగే హైలైట్ వెయిటెడ్ మీటరింగ్ (బాగా వెలిగే చోట్లని బట్టి వెలుగు కొలిచే పద్ధతి): స్టేజీ లైట్ల కింద పట్టుచీర జరీ తెల్లగా కాలిపోకుండా కాపాడుతుంది, నీడల్ని తర్వాత రా ఫైల్లో లేపుకోవచ్చు. ఈ రెండూ డీ3500లో లేవు.

ఫ్లాష్ వాడేవాళ్లకి ఇంకో లాభం. డీ3500లో సింక్ (ఫ్లాష్‌తో వాడగలిగే అత్యధిక షట్టర్ వేగం) 1/200 దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ మామూలు సింక్ 1/250. ఫ్లాష్ సింక్ స్పీడ్‌లో ఆటో ఎఫ్‌పీ ఎంచుకుంటే, హైస్పీడ్ సింక్ ఉన్న ఫ్లాష్‌తో 1/8000 దాకా వెళ్లొచ్చు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎఫ్/1.8 దగ్గర ఫిల్ ఫ్లాష్ (ముఖం మీది నీడల్ని నింపే ఫ్లాష్) వేయాలంటే ఇది ఉండాల్సిందే. వేగం పెరిగేకొద్దీ ఫ్లాష్ పవర్ పడిపోతుంది కాబట్టి దాన్ని సబ్జెక్టుకి దగ్గరగా పెట్టాలి.

బాడీలోనే ఫోకస్ మోటార్ ఉంది. 50 ఎంఎం ఎఫ్/1.8డీ లాంటి, సొంత మోటార్ లేని డీ రకం లెన్స్ డీ3500 మీద చేత్తో తిప్పితేనే ఫోకస్ అవుతుంది, ఇక్కడ ఆటో ఫోకస్ పనిచేస్తుంది. రేపు జెడ్ సిరీస్ మిర్రర్‌లెస్‌కి వెళ్తే పాత లెన్సుల్ని తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఈ డీ రకం లెన్సులు మళ్లీ మాన్యువల్ అయిపోతాయి. ఆ ఆలోచన ఉంటే ఇప్పటినుంచే, లోపలే మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సులు కొనుక్కోవడం మేలు. ఇప్పటికీ చేతిలో కిట్ లెన్స్ 18-55 ఒక్కటే ఉంటే బాడీ సంగతి తర్వాత, ముందు 35 ఎంఎం ఎఫ్/1.8జీ డీఎక్స్ తీసుకోండి.

లోపాల్లో అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఒకటే కార్డు స్లాట్. దీనికి ముందు వచ్చిన డీ7200లో రెండున్నాయి, ఇందులో ఒకటి తీసేశారు. డబ్బు తీసుకుని పెళ్లిళ్లు చేసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు: ముహూర్తం మళ్లీ రాదు. పెద్ద కార్డు ఒక్కటి వేసేబదులు 32 జీబీవి నాలుగు పెట్టుకుని, జీలకర్ర బెల్లం అయ్యాక ఒకటి, తలంబ్రాలయ్యాక ఒకటి మార్చడమే దారి. కంపెనీ బ్యాటరీ గ్రిప్ కూడా లేదు. పాత ఏఐ మాన్యువల్ లెన్సులకి మీటరింగ్ రాదు. డీ3500లో వాడిన ఈఎన్-ఈఎల్14ఏ బ్యాటరీలు దీనికి పట్టవు. ఈఎన్-ఈఎల్15ఏ రెండోది కొనాలి, ఎందుకంటే ఒక ఛార్జికి కంపెనీ లెక్క 1550 షాట్ల నుంచి 950కి దిగుతుంది. బాడీ బరువు 365 గ్రాముల నుంచి 640కి పెరుగుతుంది.

వీడియో కోసమైతే వద్దు. 4కే పెట్టగానే సెన్సర్ మధ్యభాగమే వాడి ఇంకో 1.5 రెట్లు క్రాప్ చేస్తుంది, 18 ఎంఎం వైడ్ కాకుండా పోతుంది. లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు) ఫోకస్ వెనకా ముందూ ఊగుతుంది.

కొన్న కొత్తలో "ఫోటోలు మెత్తగా వస్తున్నాయి" అనేవాళ్లు ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (లెన్స్ ఫోకస్‌ని కాస్త ముందుకో వెనక్కో సర్దడం) చేసి చూడాలి. ట్రైపాడ్ మీద కెమెరా, ఎదురుగా గోడకి అచ్చు వేసిన కాగితం, లెన్స్ పూర్తిగా తెరిచి, జూమ్ అయితే ఎక్కువగా వాడే చివర. సెటప్ మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఆన్ చేసి, లైవ్ వ్యూలో మధ్య పాయింటుతో ఫోకస్ చేయండి. ఏఎఫ్ మోడ్ బటన్, వీడియో రికార్డ్ బటన్ రెండూ కలిపి మెసేజ్ వచ్చేదాకా నొక్కి పట్టండి. విలువని కెమెరా లెక్కేసి ఆ లెన్స్ పేరున దాచుకుంటుంది. మూడునాలుగు సార్లు చేసి, వచ్చిన అంకెల్లో మధ్యది ఉంచుకోవాలి. ఒకసారి +12, ఇంకోసారి -3 వస్తే కాగితమో వెలుతురో సరిగా లేనట్టు.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే అప్పుడే తీసిన ఒరిజినల్ జేపెగ్ అడిగి షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు పడిందో ఆ లెక్క) చూడండి, ఈ షట్టర్‌ని 1,50,000 సార్లకి పరీక్షించారు. ఎఫ్/16 దగ్గర తెల్ల గోడని తీసి సెన్సర్ మీద మచ్చలు వెతకండి. స్క్రీన్‌ని పైకీ కిందకీ వంచి బొమ్మ అదురుతుందేమో, గ్రిప్ రబ్బరు ఊడుతుందేమో చూడండి. ఒక డీ రకం లెన్స్ వెంట తీసుకెళ్లి మోటార్ తిరుగుతుందో లేదో అక్కడే తేల్చుకోండి.