గ్యాలరీ నిండితే మేలా, ఖాళీగా ఉంటే మేలా? సొంత గ్రౌండ్ బలం ఎక్కడుంది

వరంగల్, కరీంనగర్, సింగరేణి ఊళ్లలో ఎక్కడ ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెట్టినా సెమీస్ కాగానే ఒక పంచాయితీ మొదలవుతుంది. ఫైనల్ ఎక్కడ? టోర్నమెంట్ పెట్టిన ఊరి జట్టే ఫైనల్‌కి చేరిందంటే అవతలి జట్టు ఒప్పుకోదు. "గ్రౌండ్ మీది, జనం మీరు, ఇంక మేమేం ఆడుతం అన్నా? హన్మకొండలో పెట్టుర్రి, కాజీపేటలో పెట్టుర్రి" అంటారు. ఇవతలివాళ్లు "చందాలిచ్చింది మా ఊరోళ్లు. వాళ్లు చూడని ఫైనల్ ఎవరి కోసం?" అంటారు. రెండు వైపులా న్యాయం ఉన్న గొడవ ఇది.

దీన్ని మాటలతో తేల్చడం కష్టం. సొంత గ్రౌండ్ అనే బలంలో చాలా కలిసి ఉంటాయి. అలవాటైన నేల, ప్రయాణం లేని ఒళ్లు, ఇంటి తిండి, చుట్టూ మనవాళ్లు, ఆ మనవాళ్ల అరుపుల మధ్య విజిల్ పట్టుకున్న రిఫరీ. వీటిలో ఏది ఎంత పని చేస్తుందో విడదీసి చూసే వీలు మామూలు రోజుల్లో దొరకదు. 2020లో కరోనా వచ్చి ఇందులోంచి జనాన్ని పక్కకు తీసేసింది. గ్రౌండ్ అదే, డ్రెస్సింగ్ రూమ్ అదే, అవతలి జట్టు ప్రయాణం చేసి రావడం అదే. గ్యాలరీ ఖాళీ. ప్రపంచంలోని పెద్ద లీగులన్నీ ఇలా నెలల తరబడి ఆడాయి కాబట్టి మన పంచాయితీకి కూడా అక్కడ సాక్ష్యం దొరుకుతుంది.

యూరప్ పెద్ద లీగుల్లో ముందు తలుపు తెరిచింది జర్మనీ. 2020 మే 16న డోర్ట్‌మండ్, షాల్కే మ్యాచ్‌తో అక్కడి పెద్ద లీగ్ బుండెస్‌లిగా మళ్లీ మొదలైంది. డోర్ట్‌మండ్ స్టేడియంలో ఒక్క దక్షిణం వైపు స్టాండ్‌లోనే దాదాపు 25 వేల మంది నిలబడి అరుస్తారు. ఆ రోజు అక్కడ ఒక్కరూ లేరు. అయినా డోర్ట్‌మండ్ 4-0తో గెలిచింది. అంటే జనం లేకపోయినా ఏం కాదన్నమాట అని చాలామంది అనుకున్నారు. తర్వాతి వారాల్లో లెక్క మారిపోయింది. కరోనాకు ముందు ఆ సీజన్‌లో పదింటిలో నాలుగుకు పైగా మ్యాచ్‌లు ఆతిథ్య జట్లు గెలిచేవి. ఖాళీ స్టేడియాల్లో అది మూడో వంతు దగ్గరికి పడింది.

ఇంగ్లండ్ లెక్క ఇంకా గట్టిది. 2018-19 ప్రీమియర్ లీగ్‌లో 380 మ్యాచ్‌ల్లో 181 ఆతిథ్య జట్లు, 128 వచ్చిన జట్లు గెలిచాయి. 2020-21 సీజన్ దాదాపు అంతా ఖాళీ గ్యాలరీలతో నడిచింది. మధ్యలో కొన్ని మ్యాచ్‌లకు రెండు వేల మంది దాకా, చివర్లో పది వేల మంది దాకా రానిచ్చారు. ఆ సీజన్‌లో ఆతిథ్య జట్ల గెలుపులు 144, వచ్చిన జట్ల గెలుపులు 153. ఆ దేశపు అత్యున్నత లీగ్ చరిత్రలో వచ్చిన జట్లు ఎక్కువ గెలవడం అదే మొదటిసారి. మాంచెస్టర్ యునైటెడ్ సంగతి చూడండి. ఆ సీజన్ లీగ్ మొత్తంలో ఓడింది ఆరు మ్యాచ్‌లు, ఆరూ సొంత ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే. బయట ఆడిన 19 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు. మరుసటి ఏడు జనం తిరిగొచ్చాక లీగ్‌లో ఆతిథ్య జట్ల గెలుపులు మళ్లీ 43 శాతం దగ్గరికి వచ్చాయి.

లివర్‌పూల్‌ది మరో కథ. సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో 68 లీగ్ మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడిన జట్టు. 2021 జనవరి 21న బర్న్‌లీ చేతిలో 0-1తో ఓడింది. అక్కడి నుంచి సొంత గ్రౌండ్‌లో వరుసగా ఆరు లీగ్ మ్యాచ్‌లు పోగొట్టుకుంది. దీన్ని పూర్తిగా ఖాళీ గ్యాలరీ ఖాతాలో రాయడం నాకు సరిగా అనిపించదు. డిఫెండర్లు వాన్ డైక్, గోమెజ్ అప్పటికే గాయాలతో బయట ఉన్నారు, జనవరి చివర్లో మాటిప్ కూడా వాళ్లతో చేరాడు. డిఫెన్స్ అంతా అతుకుల మీద నడిచింది. అయినా వెనకబడ్డ చివరి పావుగంటలో ఆన్‌ఫీల్డ్ జనం ఎలా తోసేవారో చూసినవాళ్లకు ఆ నిశ్శబ్దం ఎంత నష్టం చేసిందో తెలుసు.

జనం పని చేస్తారు, సరే. ఎవరి మీద పని చేస్తారు? మనం సహజంగా ఆటగాళ్ల మీద అనుకుంటాం. నాకు మాత్రం సాక్ష్యాలన్నీ చూశాక ఎక్కువ భాగం రిఫరీ చెవి మీదే పని చేస్తుందని గట్టిగా నమ్మకం కుదిరింది.

2007 ఫిబ్రవరిలో ఇటలీలోని కటానియాలో మ్యాచ్ దగ్గర జరిగిన అల్లర్లలో ఒక పోలీసు అధికారి చనిపోయాడు. భద్రతా ప్రమాణాలు సరిగా లేని స్టేడియాల్లో జనం లేకుండా ఆడాలని ప్రభుత్వం ఆదేశించింది. ఆ మ్యాచ్‌లను ఇద్దరు స్వీడన్ ఆర్థికవేత్తలు పరిశీలించారు. ఆటగాళ్ల ఆటలో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. మారింది రిఫరీ తీరు. జనం ఉన్నప్పుడు వచ్చిన జట్టు మీద ఎక్కువ కఠినంగా ఉన్నవాళ్లే, జనం లేనప్పుడు ఆ కఠినత్వం తగ్గించారు.

అంతకుముందే 2002లో బ్రిటన్‌లో వచ్చిన ఒక ప్రయోగం ఇంకా ముచ్చటైనది. ఆన్‌ఫీల్డ్‌లో జరిగిన లివర్‌పూల్, లెస్టర్ మ్యాచ్ వీడియోను 40 మంది రిఫరీలకు చూపించి ఏది ఫౌలో చెప్పమన్నారు. కొందరికి జనం అరుపులతో, మిగతావాళ్లకు శబ్దం తీసేసి. అరుపులు విన్నవాళ్లు ఆతిథ్య జట్టు మీద ఇచ్చిన ఫౌళ్లు సుమారు 15 శాతం తక్కువ. గదిలో కూర్చుని టీవీ చూస్తున్నవాళ్ల మీదే ఇంత ప్రభావం ఉంటే గ్రౌండ్ మధ్యలో నిలబడ్డ మనిషి సంగతి ఏమనాలి? స్పెయిన్ లీగ్ మీద జరిగిన పరిశోధనలో ఇంకోటి బయటపడింది. హోరాహోరీ మ్యాచ్‌లో ఆతిథ్య జట్టు ఒక గోల్ వెనకబడి ఉంటే రిఫరీలు ఇచ్చే అదనపు సమయం పెరిగేది, ఒక గోల్ ముందుంటే తగ్గేది.

కరోనా కాలంలో 23 లీగుల మీద జరిగిన పరిశోధన కూడా ఇటే చూపింది. జనం లేకపోయేసరికి వచ్చిన జట్టుకు పడే ఎల్లో కార్డులు మూడు మ్యాచ్‌లకు ఒకటి చొప్పున తగ్గాయి. అన్ని లీగులు కలిపి చూస్తే స్కోర్లలో మాత్రం స్పష్టమైన తేడా కనపడలేదు. ఒక్క జర్మనీనో ఇంగ్లండ్‌నో పట్టుకుని ప్రపంచమంతా ఇంతే అనడానికి లేదు.

మన గ్రౌండ్లలో ఇది ఇంకెంత ఎక్కువో ఆలోచించండి. యూరప్‌లో గ్యాలరీకీ గీతకీ మధ్య ఎంతో కొంత దూరం, సెక్యూరిటీ, బోర్డులు ఉంటాయి. మన దగ్గర సున్నం గీత మీదే జనం కాళ్లు ఉంటాయి. లైన్ సార్ జెండా పట్టుకుని పరుగెత్తడానికి జనాన్ని తోసుకుంటూ పోవాలి. బంతి ఎవరి కాలికి తగిలి బయటికి పోయిందో ఆయనకు సరిగా కనపడదు. ఆ అర సెకనులో వెనక నుంచి యాభై గొంతులు "మనదే సార్! మనదే!" అంటాయి. జెండా ఏ వైపు లేస్తుంది? ఆయన మోసగాడేం కాదు. చెవిలో పడ్డదే కంటికి సాక్ష్యం అయిపోతుంది. బాక్స్‌లో "హ్యాండ్ సార్, హ్యాండ్!" అని ఊరంతా లేస్తే విజిల్ ఊదకుండా ఆగడానికి ఎంత గుండె కావాలో ఒకసారి ఆ టెన్షన్‌లో నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. మ్యాచ్ అయ్యాక అదే జనం మధ్య నుంచి బండి తీసుకుని ఇంటికి పోవాల్సింది కూడా ఆయనే. పెద్ద లీగుల్లో వీడియో చూసి రిఫరీకి సాయం చేసే వీఏఆర్ (VAR) ఉంది కదా అంటారు. అది గోల్, పెనాల్టీ, నేరుగా రెడ్ కార్డు లాంటి పెద్ద నిర్ణయాలకే. మామూలు ఫౌళ్లు, త్రో-ఇన్‌లు అక్కడ కూడా రిఫరీ చెవి మీదే ఆధారపడతాయి.

మరి మూడో చోట పెడితే? న్యూట్రల్ గ్రౌండ్‌లో జనంతో పాటు నేల, ప్రయాణం లాంటివి కూడా సమానమైపోతాయి. నేల సంగతి చిన్నదేం కాదు. గడ్డి గ్రౌండ్‌కి అలవాటు పడ్డ జట్టు మన మొరం గ్రౌండ్‌లోకి వస్తే బంతి ఎంత ఎత్తుకు లేస్తుందో అందడానికే సగం హాఫ్ పోతుంది. స్లైడ్ చేయాలంటే మోకాలి తోలు గుర్తొస్తుంది. ఈ బలం గ్యాలరీ ఖాళీ చేసినా పోదు. బొలీవియాలోని లా పాజ్ స్టేడియం సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. 2009 ఏప్రిల్ 1న మెస్సీ ఉన్న అర్జెంటీనా అక్కడ 6-1తో ఓడింది. జనాన్ని పంపించేసినా ఆ ఎత్తులో ఊపిరి అందేది కాదు.

అంతా సమానం చేసిన ఆట మన దేశంలోనే జరిగింది. 2020-21, 2021-22 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్లు మొత్తం గోవాలోనే ఆడించారు. షెడ్యూల్‌లో ఒక జట్టు హోమ్, ఒక జట్టు అవే. నిజానికి ఎవరికీ సొంత గ్రౌండ్ లేదు. అలా ఆడిన రెండో సీజన్‌లోనే హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు కొట్టింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్‌కి జనాన్ని రానిచ్చారు. గ్యాలరీలో ఎక్కువమంది కేరళ బ్లాస్టర్స్ వాళ్లే. బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపాడు. 3-1.

జనం అంతా ఎదురుగా ఉన్నా గెలిచిన చరిత్ర మన హైదరాబాద్‌కు చెందిన పాతకాలపు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీంకి అంతకంటే పెద్దదే ఉంది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌కి లక్ష మంది దాకా వచ్చారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి తప్పుపట్టిన వివాదం వల్ల వాళ్లంతా భారత్ మీద కోపంగా ఉన్నారు. జాతీయ గీతానికి కూడా ఎగతాళి అరుపులే. రహీం తయారు చేసిన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చింది. లీగ్ దశలో అదే కొరియా చేతిలో 0-2తో ఓడిన జట్టు అది. కాబట్టి జనమే ఫలితం రాస్తారు అని నేను అనను. జనం తాకిడి తట్టుకునే జట్లు ఉంటాయి. ఊరి టోర్నమెంట్‌లో ఆడే పద్దెనిమిదేళ్ల పిల్లల నుంచి ఆ గుండె ఆశించడం మాత్రం న్యాయం కాదు.

ఇక ఏది మేలు? సమానంగా తూగాలి అనే ఒక్క కొలత పెట్టుకుంటే మూడో చోట, జనం లేకుండా ఆడటమే గెలుస్తుంది. కానీ నేను దానికి ఓటు వేయను. ఖాళీ గ్యాలరీ ఆట ఎలా ఉంటుందో 2020లో అందరం టీవీలో చూశాం. కోచ్ అరుపు, బంతి చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. చానళ్లు పాత అరుపుల రికార్డింగులు కలపాల్సి వచ్చింది. పైగా మన దగ్గర ఖాళీ గ్యాలరీ ఎవరి వాటాకు వస్తుందో కూడా చూడాలి. అమ్మాయిల ఆటకు కరోనా లేకపోయినా గ్యాలరీ ఖాళీనే. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. అలాంటి పిల్ల మన గ్రౌండ్లో ఆడుతున్నప్పుడు గీత పక్కన నిలబడి పేరు పెట్టి అరిచేవాళ్లు ఉండాలి. జనాన్ని తగ్గించే పద్ధతి ఏదైనా ముందు దెబ్బ కొట్టేది అలాంటి మ్యాచ్‌లనే.

నా ఓటు సొంత గ్రౌండ్‌కే, నిండిన గ్యాలరీకే. దానితో పాటు జనానికీ రిఫరీకీ మధ్య దూరం పెంచాలి. గీత నుంచి ఐదు మీటర్లు వెనక్కి తాడు కట్టాలి, లైన్ సార్ పరుగెత్తే దారి ఖాళీగా ఉండాలి. రిఫరీ, ఇద్దరు లైన్ సార్లు ఫైనల్ ఆడే రెండు ఊళ్లకూ సంబంధం లేని జిల్లా నుంచి రావాలి. అదనపు సమయం ఎంతో స్కోరు బల్ల దగ్గర వేరే మనిషి లెక్క రాసుకోవాలి, రిఫరీ ఒక్కడి మీద వదలకూడదు. వచ్చిన జట్టుకు ముందు రోజు సాయంత్రం ఆ మొరం మీద గంటసేపు ప్రాక్టీస్ ఇవ్వాలి. మ్యాచ్ అయ్యాక రిఫరీని బస్టాండ్ దాకా దింపి వచ్చే బాధ్యత కమిటీదే. ఇవన్నీ చేస్తామని సెమీస్‌కి ముందే రాసి రెండు జట్ల కెప్టెన్లతో సంతకం పెట్టిస్తే, ఫైనల్ ఏ ఊళ్లో అన్న పంచాయితీకి అవతలి జట్టు దగ్గర పెద్దగా కారణం మిగలదు.